నాయన కంచంలోని తెలుపు

నాకు తినడం నేర్పింది అమ్మ కాదు, నాయన. నేర్పాలని కూర్చుని నేర్పలేదు. ఎదురుగా కూర్చుని తాను తిన్నాడు, అంతే. నేను కళ్ళప్పగించి చూసి అన్నీ పట్టేసుకున్నాను. రాగి సంగటి ముద్దకు నడుమ బొటనవేలితో గుంట చేయడం, పచ్చిమిరపకాయ కొస కొరికి తొడిమను కంచం అంచున పెట్టడం, చెనక్కాయల పచ్చడిని, మా మాటలో ఊరుబిండిని, సంగటికి అద్దుకోవడమే తప్ప కలపకపోవడం, ఇవన్నీ ఆయన దగ్గరనుంచి వచ్చినవే. ఇప్పటికీ ఎవరైనా సంగటిని నములుతూ కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సంగటిని మింగాలి. నమిలేవాళ్ళకు దాని రుచి తెలియదని మా నాయన నమ్మకం, కాబట్టి నా నమ్మకమూ అదే.

మా ఇల్లు తిరుపతిలో, వాకిట్లో నిలబడితే కొండ కనిపించే వీధిలో ఉండేది. ఇంట్లో నాయన, అమ్మ, నాయనను కన్న అవ్వ, నేను. పెరట్లో పాలకోసం ఒక ఎనుము, అంటే గేదె. నాయన ఇత్తడి సామాన్లకు కళాయి పూసేవాడు. ఇంటి ముందు పందిరి కింద చిన్న గుంటలో బొగ్గుల నిప్పు, పక్కన దానికి గాలి ఊదే తోలు తిత్తి. గిన్నెను ఎర్రగా కాల్చి, నవాసాగరం పొడి చల్లి, తగరం ముక్కను తాకించి, గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా తెల్లగా మెరిసేది. నేను ఆ పొగలోనే పుట్టి పెరిగాను. దగ్గినా అక్కడినుంచి కదిలేదాన్ని కాదు.

నాయనకు ఉన్న ఒకే ఒక యావ పెరుగు. పగలంతా నిప్పు ముందు కూర్చునే మనిషి. మధ్యాహ్నం చేతులు కడుక్కుని వచ్చేసరికి మొహం కందిపోయి ఉండేది. సంగటి గుంటలో మొదట పప్పో పులుసో వేసుకుని, చివరికి పెరుగు పోయించుకునేవాడు. పెరుగు పడగానే ఆయన భుజాలు కిందికి దిగేవి. మిగిలినది అరచేతిలోకి వంచుకుని జుర్రి, కళ్ళు మూసుకుని 'హమ్మయ్య' అనేవాడు. నేనూ జుర్రి 'హమ్మయ్య' అనేదాన్ని. "నీకేం బరువు దిగిందే" అని అవ్వ నవ్వేది.

నాకు ఏడో ఏడు నడుస్తుండగా పెద్ద జ్వరం వచ్చింది. ఇరవై రోజులు దిగలేదు. యుద్ధం జరుగుతున్న రోజులు, మందులు దొరకడం కష్టం. మా వీధి చివర ఒక నాటువైద్యుడు ఉండేవాడు, ఆయన ఇచ్చిన కషాయమే గతి. ఒకరోజు నేను పిలిస్తే పలకకుండా పడి ఉన్నానట. ఆ మధ్యాహ్నం నాయన కంచం ముందు కూర్చుని, అమ్మ పెట్టిన పెరుగు గిన్నెను పక్కకు జరిపి, లేచి వాకిట్లోకి పోయి కొండవైపు దండం పెట్టుకున్నాడు. పిల్ల బతికి, తన కాళ్ళతో తాను కొండెక్కి స్వామి దగ్గరకు వచ్చేదాకా పెరుగూ మజ్జిగా ముట్టనని మొక్కుకున్నాడు.

ఈ సంగతి నాకు అప్పట్లో తెలియదు. చదివేవాళ్ళకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నాను, దాచిపెట్టి ఆడించడం నాకు చేతకాదు. తీరేలోపల మొక్కును బయటికి చెబితే అది ఫలించదని మా అవ్వ పట్టుదల. అందుకని ఇంట్లో పెద్దవాళ్ళు ముగ్గురికీ తెలుసు, ఎవరి కోసం మొక్కారో ఆ మనిషికి తప్ప.

జ్వరం దిగింది. నేను లేచి కూర్చున్నాను. వైద్యుడు వచ్చి నా కాళ్ళు పట్టి చూసి, ఒళ్ళంతా వేడికి ఎండిపోయిందన్నాడు. "రేషను బియ్యమైనా సరే, మెత్తగా వండి పెరుగన్నం పెట్టండమ్మా. పూటకింత కడుపులోకి పోవల్ల. ఈ ఎండలు ముగిసేలోపల కండ పట్టకపోతే కాళ్ళు ఇట్లే నిలిచిపోతాయి" అని అమ్మకు చెప్పి వెళ్ళాడు. నాకు ఆ మాటలు బాగా గుర్తు, ఎందుకంటే ఆయన నన్ను పక్కన పెట్టుకునే, నాకు చెవులు లేనట్టు చెప్పాడు.

అమ్మ నాకోసం చిన్న కుండలో గుప్పెడు బియ్యం వండింది. మిగతా అందరికీ సంగటే. నన్ను నాయన ఎదురుగా కూర్చోబెట్టి, మెతుకులు పిసికి పెరుగు పోసింది. నేను అలవాటు ప్రకారం నాయన వైపు చూశాను. ఆయన పెరుగు గిన్నెను చేత్తో తోసి, ఉత్త ఊరుబిండితో సంగటి ముగించి, మంచినీళ్ళు తాగి లేచాడు. 'హమ్మయ్య' లేదు.

నేను నా కంచాన్ని తోసేశాను.

మొండితనం అని అందరూ అనుకున్నారు. మొండితనం నాలో లేకపోలేదు, కాని దాని వెనక ఒక లెక్క ఉంది. కళాయి పూసేవాడి కూతురికే వచ్చే లెక్క అది. యుద్ధం వల్ల తగరం దొరకడం లేదు. నాయన ఉన్నదాన్నే పల్చగా పూసేవాడు, పూసి ఊరుకోకుండా సామాను తీసుకుపోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పేవాడు. "తగరం పల్సగా ఉండాదమ్మా. దీంట్లో పులుపు పెట్టొద్దు. పెరుగు అసలే వద్దు. కిలుమెక్కితే ఇసమే." దాచడం ఆయనకు తెలియదు. పక్క వీధిలో ఒక ఇంట్లో కళాయి పోయిన గిన్నెలో పులుసు కాచుకుని ఇంటిల్లిపాదీ వాంతులు చేసుకున్నారు. ఆ కథ మా పందిరి కిందికి వచ్చినవాళ్ళకల్లా నాయన చెప్పడం నేను విన్నాను. అమ్మ పెరుగు తోడుపెట్టేది ఇత్తడి గిన్నెలో. ప్రాణం పోయినా పెరుగు వదలని నాయన ఆ గిన్నెను తోసేస్తున్నాడు. కాబట్టి ఆయనకు ఏదో తెలిసింది. మా గిన్నెకు కిలుమెక్కింది. నాకు అనుమానమే లేదు.

నాలుగు రోజులు ఇట్లా జరిగాక అవ్వ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని బుజ్జగించి అడిగితే చెప్పాను.

"ఓసి నీ తెలివి తగలెయ్య" అంది అవ్వ. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "ఏమ్మే, ఇన్నావా నీ కూతురి మాట? కిలుమంట."

అమ్మ నవ్వలేదు. ఆ సాయంత్రమే కొత్త మట్టిముంత తెప్పించి అందులో తోడుపెట్టింది. మర్నాడు ముంత తెచ్చి నా కళ్ళముందే మూత తీసి, "సూడు, ఇత్తడి లేదు, రాగి లేదు. కిలుమెట్ల వస్తాది?" అంది.

"నాయనకు పెట్టు ముందు" అన్నాను.

నాయన తల వంచుకున్నాడు. అమ్మ అవ్వ వైపు చూసింది. అవ్వ గోడ వైపు చూసింది. నేను మళ్ళీ కంచం తోసేశాను. మట్టిముంతలోది కూడా తినడం లేదంటే చెడ్డది గిన్నె కాదు, పెరుగే. నా లెక్క ఇంకా గట్టిపడింది.

అట్లా ముడి పడింది. నాకు కాళ్ళు రావాలంటే పెరుగు తినాలి. నేను పెరుగు తినాలంటే నాయన తినాలి. నాయన తినాలంటే నేను కాళ్ళతో కొండెక్కాలి. నా మేలు కోరి ఆయన మానిన దాన్నే, ఆయన్ను చూసి నేను మానాను. అవ్వ ఆ ముడిని విప్పాలని చూసిందట.

"ఎత్తుకోని పోయి సూపించుకోని రారా, సామి ఏమన్నా కాదంటాడా" అందట.

"కాళ్ళతో అని మొక్కినాను కదమ్మా. మాటంటే మాటే" అన్నాడట నాయన.

ఎండలు ముదిరాయి. నేను గోడ పట్టుకుని వాకిలిదాకా పోయి, గడప దాటేటప్పుడు కూలబడేదాన్ని. పందిరి కింద తిత్తి ఆగిపోయేది. నాయన వచ్చి నన్ను ఎత్తుకుని లోపల దించి, పోయి మళ్ళీ నిప్పు ముందు కూర్చునేవాడు. ఆయనకూ ఆ వేసవి బాగా గడవలేదు. మజ్జిగ చుక్క లేక నోరంతా పూసింది. పచ్చిమిరపకాయ మానేశాడు. నేనూ మానేశాను, నాకు నోరు పూయకపోయినా.

అప్పుడు అమ్మకు ఒక ఉపాయం తట్టింది. నా గుప్పెడు బియ్యం వండి వార్చిన గంజి రోజూ ఎనుముకు పోయేది. అమ్మ దాన్ని చల్లార్చి, రెండు మెతుకులు మెదిపి వేసి, ఉప్పు కలిపి, కవ్వం పెట్టి చిలికింది. చిలికిన గంజి తెల్లగా, నురగతో, దూరం నుంచి చూస్తే మజ్జిగ మాదిరే ఉండేది. గంజి పెరుగు కాదు, మజ్జిగ కాదు. మొక్కుకు భంగం లేదు. మోసపోవలసింది నేనొక్కదాన్నే.

నాయన ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టిందని అమ్మ తర్వాత చెప్పింది. తగరం పల్చగా ఉంటే పల్చగా ఉందని చెప్పుకునే మనిషి, ఏడేళ్ళ బిడ్డ ముందు కంచంతో అబద్ధం ఆడాలి. "నా మొగం సూస్తే కనుక్కుంటాది" అన్నాడట. "మొగం ఎవరు సూస్తారు, అది నీ చెయ్యి సూస్తాది" అందట అమ్మ. నన్ను కన్నది కదా, ఆమాత్రం తెలుసు.

ఆ మధ్యాహ్నం నాకు ఇవాళ్టిలా గుర్తుంది. వంటింట్లో కవ్వం చప్పుడు వినిపించింది. అమ్మ ముంత నా పక్కన పెట్టి, ఒక చెంబు తీసుకుని నాయన దగ్గరకు పోయింది. "నాయనకు పల్సటి మజ్జిగే కావాలంట, నోరు పూసిండాది" అని నాకు వినపడేలా చెప్పింది. నాయన బొటనవేలితో సంగటికి గుంట చేశాడు. అమ్మ వంచింది. తెల్లగా పడింది. ఆయన ముద్ద తీసుకుని మింగాడు. మిగిలినది అరచేతిలోకి వంచుకుని జుర్రి, కళ్ళు మూసుకుని 'హమ్మయ్య' అన్నాడు.

నేను కంచం దగ్గరకు లాక్కున్నాను. రెండు నెలల తర్వాత పెరుగన్నం నోట్లో పడేసరికి నాకు ఏడుపొచ్చింది. ఎంత ఆకలితో ఉన్నానో నాకే తెలియదు. తిని, నేనూ 'హమ్మయ్య' అన్నాను. అవ్వ ఈసారి బరువు సంగతి ఎత్తలేదు. లేచి పెరట్లోకి పోయింది.

రోజూ అదే జరిగేది. కవ్వం చప్పుడు, ముంత, చెంబు. వారం తిరిగేసరికి గడప దాటాను. ఇంకో వారానికి పందిరి దాకా పోయి నాయన పక్కన కూర్చుని తిత్తి మీద చెయ్యి వేశాను. వైద్యుడు దారిలో చూసి ఆగి, నా కాళ్ళ వైపు చూసి తలాడించి పోయాడు.

జాడీలోని పాత చింతకాయ తొక్కు తీసి నూరిన రోజున నాకు సంగతి తెలిసిపోయింది. వైద్యుడు నాకు పులుపు కూడదన్నాడు, అందుకని తొక్కు నాయన కంచంలోనే వేశారు. నాకు దానిమీదే కన్ను. అమ్మ ఎనుము దగ్గరకు పోయిన సందు చూసి, దేక్కుంటూ పోయి, నాయన కంచంలో చెయ్యి పెట్టి తొక్కూ సంగటీ కలిపి ఒక ముద్ద తీసి నోట్లో వేసుకున్నాను. ఆయన 'వద్దు పాపా' అనేలోపల మింగేశాను.

పులుపు తొక్కుదే. తెల్లటిదానిలో పులుపు లేదు. ఉప్పగా, చప్పగా, నా బియ్యం కుండ వాసన వచ్చింది. గంజి.

మొదట కోపం వచ్చింది, దాచను. నన్ను మోసం చేశారు, చెడ్డ పెరుగు నాకు పెట్టి ఆయన గంజి తింటున్నాడు అనుకున్నాను. తలెత్తి నాయన మొహంలోకి చూశాను. అమ్మ చెప్పింది నిజమే, అంతవరకూ నేను ఎప్పుడూ ఆయన చేతినే చూశాను. ఆయన కంచం వైపు చూడటం లేదు. నా నోటి వైపు చూస్తున్నాడు. దొంగతనంలో దొరికిపోయినవాడిలా మొహం పాలిపోయింది. పెదవుల మూలల్లో పూత ఇంకా తగ్గలేదు.

ఏడేళ్ళ బుర్రలో ఏం తిరిగిందో అంతా ఇప్పుడు చెప్పలేను. ఒక్కటి మాత్రం స్పష్టంగా తిరిగింది. వీధిలో అందరికీ చెప్పి మరీ విషం తప్పించే మనిషి నాకు విషం పెట్టడు. ఆయన ఎందుకు తినడం లేదో నాకు తెలియదు. కాని నాకు పెట్టిందంటే అది మంచిదే. మా నాయన మీద నాకు అంత ప్రేమ అంతకుముందు పుట్టలేదు.

"తొక్కు కారంగా ఉండాది నాయనా" అని చెప్పి, నా చోటికి వచ్చి కూర్చుని, పెరుగన్నం ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. చివర్లో 'హమ్మయ్య' అన్నాను. నాయన ఊపిరి పీల్చుకుని తానూ అన్నాడు. ఆ రోజునుంచి మా ఇంట్లో అబద్ధం ఆడేవాళ్ళు ముగ్గురు కాదు, నలుగురు.

కొండకు జనం పోటెత్తే పెరటాసి నెల పోయి రద్దీ పల్చబడ్డాక మేం కొండకు బయలుదేరాం. అవ్వ ఎనుము కోసం ఇంట్లో ఉండిపోయింది. తెల్లవారుతుండగా అలిపిరిలో మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టించి, నన్ను ముందు నడవమన్నారు. నా వెనక నాయన, ఆయన వెనక అమ్మ. గాలిగోపురం దాకా ఎక్కడం ఎంత కష్టమో ఎక్కినవాళ్ళకు చెప్పనక్కర లేదు. పది మెట్లు ఎక్కడం, కూర్చోవడం. వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా నాయన చేతులు రెండూ చాచి ఉండేవాడు. పడితే పట్టుకోవడానికి చేతులు సిద్ధంగా ఉన్నాయి, పడకుండా మాత్రం తాకడం లేదు. ఎత్తుకోమని ఒకసారి ఏడ్చాను. ఆయన నా పక్క మెట్టుమీద కూర్చుని, తానూ కళ్ళు తుడుచుకుని, "ఇంకో పది, అమ్మణ్ణీ. పది ఎక్కినాక మళ్ళా కూసుందాం" అన్నాడు. మోకాళ్ళ పర్వతం దగ్గర పది ఐదయింది, ఐదు రెండయింది. చివరికి మధ్యాహ్నం పొద్దుకు పైకి చేరాం. నా కాళ్ళతోనే చేరాను.

దర్శనం అయ్యాక ఒక రాతి మండపంలో కూలబడ్డాం. అమ్మ ప్రసాదం తెచ్చింది. ఆకుదొన్నెలో దద్దోజనం. స్వామికి పెట్టిన పెరుగన్నం, మీద ఇంగువ తాలింపు. అమ్మ దొన్నెను నాయన ముందు పెట్టి, "ఇంక తిను" అంది.

నాయన ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని దాని వైపు చూస్తూ ఉండిపోయాడు. నోటి దగ్గరకు పోవడం లేదు. ఇన్ని నెలలు తోసేసిన చెయ్యి ఒక్కసారిగా మాట వినదేమో. నాకు మాత్రం వేరేగా తోచింది. పాపం, ఇదీ గంజే అనుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను.

"ఇది గంజి కాదులే నాయనా" అన్నాను. "నిజంగా పెరుగే. తిను."

ఆయన చెయ్యి అట్లే ఆగిపోయింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎప్పుటినుంచి తెలుసు అమ్మణ్ణీ?" అన్నాడు నాయన నా వైపు తిరిగి.

"చింతకాయ తొక్కు నూరిన దినం నుంచి."

"మరి యాల తింటా వస్తివి?"

"నువ్వు పెట్టినావు కదా."

మా నాయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ముద్ద చేతిలో ఉండగానే, చుట్టూ జనం ఉండగానే ఏడ్చాడు. తర్వాత ఆ ముద్ద నోట్లో పెట్టుకుని, మెల్లిగా మింగి, కాసేపు ఆలోచించి, "ఉప్పు తక్కువయింది" అన్నాడు. ఉప్పు వేసిన గంజికి నాలుక అలవాటు పడిపోయింది మరి. అమ్మ ఏడుస్తూనే నవ్వింది. మొక్కు తీరింది కాబట్టి ఆ మండపంలోనే కూర్చుని అంతా నాకు చెప్పింది. నాయన మాత్రం 'హమ్మయ్య' అనడం మరిచిపోయాడు.

ఇంటికి వచ్చిన మర్నాడు అమ్మ గంజిని ఎనుముకు తీసుకుపోతుంటే నాయన ఆపాడు. "దాన్ని ఇట్ల తే" అన్నాడు. పెరుగు ఉంది, గంజీ ఉంది. రెండూ పోయించుకున్నాడు. నేనూ పోయించుకున్నాను. ఆయన ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరికీ చెంబెడు గంజి తప్పలేదు.

ఇప్పుడు మా ఇంట్లో కుక్కరుంది. నేను మాత్రం అన్నం గిన్నెలోనే వండి గంజి వారుస్తాను. అదేం పిచ్చి అని నా కూతురు కోప్పడుతుంది, కోప్పడుతూనే తనకూ ఒక గ్లాసు పోసుకుంటుంది. ఎందుకే అంటే, "నువ్వు తాగేదానివి కదమ్మా" అంటుంది. దానికి నేను నేర్పలేదు. ఎదురుగా కూర్చుని తాగాను, అంతే.

మొన్న దాని కూతురు, మూడేళ్ళది, నా పక్కన చేరి నా కంచంలో చెయ్యి పెట్టింది. వేళ్ళకంటిన గంజి జుర్రి, కళ్ళు గట్టిగా మూసుకుని 'హమ్మయ్య' అంది. నీకేం బరువు దిగిందే అని అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కొండ మీద మా నాయన అనడం మరిచిపోయింది అదే. దాని చెయ్యి నా కంచంలో ఇంకోసారి ముంచాను.